భద్రాచలంలో అంతస్తులు

నేనుంటున్న టొరంటో నడిబొడ్డున రెండు మూడు దశాబ్దాలుగా కాండో టవర్లు లేస్తూనే ఉన్నాయి. ఫ్లాట్లు ఇరుకైపోయాయని, కాపురానికి కాక పెట్టుబడికే కొంటున్నారని నాకూ కోపమే. అయినా అక్కడ అంతస్తులు వేసే బిల్డరు నీటి గొట్టాలకు, మురుగు కాలువలకు, పార్కులకు నగరానికి రుసుము కట్టాల్సిందే. భద్రాచలంలో అంతస్తులైతే పెరుగుతున్నాయి, వాటిని మోసే ఏర్పాటే లేదు. ఒకవైపు గోదావరి, తక్కిన వైపుల చాలామటుకు 2014లో ఆంధ్రలో కలిసిన పల్లెలు. ఎటపాక ఊరి పొలిమేరలోనే ఉంది, కానీ రాష్ట్రం వేరు. చెత్త పారబోయడానికి కూడా జాగా వెతుక్కునే ఊరు పక్కకు పెరగలేక పైకి పెరుగుతోంది.

తప్పంతా ఏజెన్సీ (షెడ్యూల్డ్) ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డుకునే 1/70 చట్టానిదే, దాన్ని ఎత్తేస్తే సరి అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఏజెన్సీలో కోయల భూమి ఇంకా కొంతైనా మిగిలిందంటే ఆ చట్టం వల్లే. గిరిజనేతరుల కొనుగోళ్లు రిజిస్ట్రేషన్‌కు ఎక్కవు కాబట్టి తెల్లకాగితాల మీదే చేతులు మారతాయన్నది నిజమే. అలాంటిచోట ఫ్లాటు కొన్నవాడు బిల్డరును గట్టిగా నిలదీయలేడు. దానికి మందు తనిఖీ. గిరిజనుల రక్షణ తీసేయడం కాదు. 2025 మార్చిలో ఇక్కడే కడుతుండగానే ఆరంతస్తుల భవనం కూలి కూలీలు చనిపోయారు. ఆ ఎత్తు దారిన పోయే ప్రతివాడికీ కనిపించేదే, ఆపాల్సినవాళ్లకు కనిపించలేదా?

వరదొస్తే మరో చిక్కు. 2022 జులైలో గోదావరి 71.3 అడుగులకు వచ్చింది, 1986లో 75.6. కరకట్ట నదిని ఆపుతుంది. కానీ నది నీరు లోపలికి రాకుండా దాని స్లూయిస్‌లు మూస్తే ఊళ్లో వాననీరు, మురుగు మోటార్లతో తోడాల్సిందే. అంతస్తు పెరిగిన కొద్దీ ఆ మురుగూ పెరుగుతుంది. మిద్దెలే వద్దంటే జనం ఎక్కడుండాలి? 2011 నాటికే ఇక్కడ సుమారు 50 వేల మంది. అంతమందికి ఇప్పటికీ గ్రామ పంచాయతీయే దిక్కు, ఎందుకంటే రాజ్యాంగంలోని మునిసిపాలిటీల భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు వర్తించదు. పార్లమెంటు చట్టం చేస్తే తగిన మార్పులతో వర్తింపజేయవచ్చు. పంచాయతీలకు 1996లో పెసా చట్టం అలాగే వచ్చింది. పట్టణాల కోసం 2001లో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. గిరిజన హక్కులు కాపాడుతూనే ఊరికి ఇంజినీర్లను, పన్నులను, ప్లానును ఇవ్వగల దారి అదే. ఆ బిల్లును మళ్లీ తెమ్మని ఖమ్మం, భద్రాద్రి జిల్లాల ప్రతినిధులను గట్టిగా అడగాలి.