ఉడుతలు గాస్తున్నవా బిడ్డా?

"నువ్వు ఆడ జాబ్ జేస్తున్నవా, ఉడుతలు గాస్తున్నవా బిడ్డా?"

వీడియో కాల్‌లో అమ్మ అడిగిన ప్రశ్న ఇది. అప్పుడు నేను ఇంగ్లండ్‌లో, న్యూకాజిల్ దగ్గర ఓ అడవిలో ఉన్నా. బూట్ల నిండా బురద, చేతిలో గింజల డబ్బా. ఆదివారం పొద్దున మా రూమ్మేట్లు బిర్యానీకి బియ్యం నానబెడుతుంటే నేను ఉడుతల వెంట తిరుగుతున్నా. అమ్మకి నవ్వు రావడంలో తప్పేం లేదు. కానీ ఈ కథ మొదలైంది ఇంగ్లండ్‌లో కాదు, మా వరంగల్ పక్కనే.

2018 జనవరి. నేను బీటెక్ చదువుతున్నా. దేశమంతా పులుల లెక్కింపు జరుగుతోంది. తెలంగాణ అటవీ శాఖ వాలంటీర్లని పిలిస్తే ఫ్రెండ్స్‌తో కలిసి పేరిచ్చా. నిజం చెప్పాలంటే అడవిలో సెల్ఫీల కోసమే. ములుగు, పస్రా దాటి తాడ్వాయి చేరాం. అక్కడంతా ఏటూరునాగారం అభయారణ్యం. పొద్దున్నే దారుల్లో నడుస్తూ పులి, చిరుత అడుగులున్నాయా, మలం ఉందా అని చూడాలి. అదే పని. రెండు రోజులు నేల తప్ప ఇంకేం చూడలేదు. పులి జాడ దొరకలేదు.

మా వెంట వచ్చిన వాచర్ ఆ పక్క గూడెం కోయన్న. నా అవస్థ చూసి, "కింద సూసుడేనా తమ్మీ? జర పైకి గూడ సూడు" అన్నడు.

తల ఎత్తా. కొమ్మ మీద ఉడుత. మన ఇంటి గోడ మీద తిరిగే చారల ఉడుత కాదు. దాదాపు పిల్లంత ఉంది. వీపు ముదురు ఎరుపు, పొట్ట వెన్న రంగు, ఒంటికన్నా పొడుగు తోక. చూస్తుండగానే ఈ చెట్టు మీంచి ఆ చెట్టు మీదికి ఒక్క దూకు. "బెట్టుడుత" అన్నడాయన. ఇంగ్లీషులో ఇండియన్ జెయింట్ స్క్విరెల్. మహారాష్ట్రకి ఇదే రాష్ట్ర జంతువు, 'శేకరు' అంటారు. 20 అడుగుల దాకా దూకగలదు. నేల మీదికి దిగడం చాలా అరుదు. కొమ్మకి కొమ్మ తగిలే అడవే దానికి రోడ్డు. చెట్లు పోతే రోడ్డు తెగినట్టే.

ఫోన్ తీసేలోపు మాయమైంది. నేను తేదీ రాసుకోలేదు. లొకేషన్ సేవ్ చేయలేదు. పులి కాదు కదా అనుకున్నా.

తర్వాత ఉద్యోగం, ఆపైన కంపెనీ పని మీద న్యూకాజిల్. అక్కడి లైబ్రరీ నోటీసు బోర్డులో ఓ కాగితం: ఎర్ర ఉడుతల కోసం వాలంటీర్లు కావాలి. తాడ్వాయి గుర్తొచ్చి వెళ్లా.

అక్కడి కథ వేరు. ఎర్ర ఉడుత వాళ్ల సొంత జాతి. 1876లో అమెరికా నుంచి బూడిద రంగు ఉడుతల్ని తెచ్చి చెషైర్‌లోని ఓ ఎస్టేట్‌లో వదిలారు, అందంగా ఉంటాయని. అవి ఎర్రవాటి తిండిని లాగేసుకున్నాయి. పైగా స్క్విరెల్ పాక్స్ అనే వైరస్‌ని మోస్తాయి. అది వాటినేం చేయదు, ఎర్రవాటిని మాత్రం రెండు మూడు వారాల్లో చంపేస్తుంది. 2018 అంచనా ప్రకారం బ్రిటన్‌లో బూడిదవి దాదాపు 27 లక్షలు. ఎర్రవి 2.87 లక్షలు, అందులోనూ ఎక్కువ భాగం స్కాట్లండ్‌లోనే.

మా పనిలో గ్లామర్ ఏం లేదు. ఫీడర్లలో గింజలు నింపడం, వైరస్ అంటకుండా వాటిని మందు నీళ్లతో కడగడం, కెమెరా కార్డులు మార్చడం. ఫీడర్ మూతకి అంటించిన టేప్‌కి వెంట్రుకలు అంటుకుంటాయి. వాటిని మైక్రోస్కోప్ కింద చూస్తే వచ్చింది ఎర్రదో బూడిదదో తెలుస్తుంది. ఒక పని మాత్రం అమ్మకి చెప్పలేదు. బూడిద ఉడుత బోనులో పడితే చంపేస్తారు. పట్టుకున్నదాన్ని తిరిగి వదిలితే అక్కడ నేరం. తెచ్చి వదిలింది మనిషి, చచ్చేది అది. ఆ పనికి నేను రానని చెప్పేశా. వాళ్లు బలవంతం చేయలేదు. కానీ ఆంగ్లెసీ దీవిలో 1998లో 40 మిగిలిన ఎర్ర ఉడుతలు, బూడిదవాటిని తొలగించాక 700 దాకా పెరిగాయి. అది తెలిశాక వాళ్లని తప్పు పట్టలేకపోయా. నా చేతులతో చేయనూ లేకపోయా.

మా టీమ్‌లో పెద్దావిడ, రిటైర్డ్ టీచర్. ఓ వారం ఏమీ కనిపించలేదని నేను షీట్ ఖాళీగా ఇస్తే వెనక్కిచ్చింది. "సున్నా అని రాయి. ఖాళీ అంటే నువ్వు చూడలేదని. సున్నా అంటే చూశావు, అది లేదని" అంది. రోజూ సర్వర్ లాగ్‌లు చదివే నాకు ఈ ముక్క వేరేవాళ్లు చెప్పాల్సి వచ్చింది!

2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవి మీద పెనుగాలి విరుచుకుపడింది. కొద్ది గంటల్లోనే దాదాపు 50,000 చెట్లు నేలకూలాయని అంచనా. కాలేజీ గ్రూప్‌లో డ్రోన్ వీడియో వచ్చింది. అగ్గిపుల్లలు పారబోసినట్టుంది అడవి. నాకు మొదట గుర్తొచ్చింది ఆ ఉడుత. అది తిరిగిన కొమ్మలు ఉన్నాయా, పోయాయా? చెప్పడానికి నా దగ్గర ఏముంది? తేదీ లేదు, ఫొటో లేదు, ఏ దారిలో చూశానో కూడా సరిగ్గా గుర్తులేదు. మనుషులు తెచ్చిన ఉడుత ఏ చెట్టు మీద ఉందో వెంట్రుకతో సహా రాసిపెట్టా. మా ఊరి ఉడుతకి మాత్రం ఒక్క లైన్ రాయలేదు.

సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు తాడ్వాయి వెళ్లా. అటవీ శాఖ వాళ్లు పోనిచ్చే దారిలోనే, మూడు పొద్దులు, తల పైకెత్తి నడిచా. మెడ పట్టేసింది. ఎత్తైన కొమ్మల చివర ఆకులూ పుల్లలూ అల్లిన గూడు ఒకటి కనిపించింది. బెట్టుడుతదే అయ్యుండొచ్చు, ఖాయంగా చెప్పలేను. ఉడుత మాత్రం కనిపించలేదు. షీట్‌లో తేదీ, టైమ్, లొకేషన్ రాసి, పక్కన సున్నా పెట్టా.

అమ్మ అడిగింది, "కనవడ్డదా?"

"లేదమ్మా."

"మరి ఏం రాసుకుంటున్నవ్?"

"కనవడలేదని."

నవ్వింది. తర్వాత తనే, "మల్లెప్పుడు పోతవ్?" అంది.

ఉడుతా భక్తి అంటాం కదా, ఇసుక రేణువుల సాయం. మీ ఊరి దగ్గర అడవి ఉంటే, దారి తప్పకుండా, జంతువుని తరమకుండా, ఓసారి తల ఎత్తి చూడండి. కనిపిస్తే ఫొటో తీసి ఐనేచురలిస్ట్ లాంటి యాప్‌లో పెట్టండి. కనిపించకపోతే సున్నా అని రాసుకోండి. నేను 2018లో ఆ ఒక్క లైన్ రాసుండాల్సింది.