మబ్బుల వెంట... మైళ్లకొద్దీ!

నల్లమబ్బు కమ్ముకొస్తే ఎవరైనా ఏం చేస్తారు? ఆరేసిన బట్టలు తీసేస్తారు. వడియాలు లోపల పెట్టేస్తారు. కిటికీ తలుపులు బిగిస్తారు. అమెరికా నడిబొడ్డున కొందరు మాత్రం కెమెరాలు సర్దుకుని, కారెక్కి, ఆ మబ్బుకే ఎదురెళ్తారు. ఒక్క ఫొటో కోసం రోజుకు 500 కిలోమీటర్లయినా తిరుగుతారు. ఆ ప్రయాణంలో అద్భుతం ఎంత దగ్గరో, ప్రాణాపాయమూ అంతే దగ్గర!

మే నెల సాయంత్రం. కాన్సస్ రాష్ట్రంలో ఓ మట్టిరోడ్డు. రెండు పక్కలా గోధుమ చేలు. కనుచూపు మేరలో కొండ లేదు, గుట్ట లేదు. దూరంగా ఓ ధాన్యం గిడ్డంగి, అంతే. దక్షిణం నుంచి వెచ్చటి గాలి జోరుగా వీస్తుంటుంది. పడమటి దిక్కున కాలీఫ్లవర్‌ పువ్వులాంటి తెల్లటి మబ్బొకటి లేస్తుంది. చూస్తుండగానే పెరుగుతుంది. గంట తిరిగేసరికి పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు చేరి, ఇక పైకి వెళ్లలేక అక్కడే చదునుగా పరుచుకుంటుంది. అచ్చం కమ్మరి దాగలిలా! దాని అడుగు భాగం నల్లబడుతుంది. మెల్లగా, చాలా మెల్లగా... తిరగడం మొదలుపెడుతుంది.

రోడ్డు పక్కన ఆగిన కార్లలోంచి జనం దిగుతారు. స్టాండ్లు పాతుతారు. కాసేపు ఎవరూ మాట్లాడరు.

గాలులు కలిసేచోటు

టెక్సాస్, ఓక్లహామా, కాన్సస్, నెబ్రాస్కా, దక్షిణ డకోటా... రాకీ పర్వతాలకు తూర్పున పరుచుకున్న ఈ మైదానాలే ‘గ్రేట్ ప్లెయిన్స్’. తుపాను మేఘాల ఫొటోగ్రఫీకి ప్రపంచంలో ఇంతకు మించిన చోటు లేదంటారు. కారణం గాలులే. మెక్సికో సింధుశాఖ మీదుగా తేమ నిండిన వెచ్చటి గాలి ఉత్తరానికి వస్తుంది. నైరుతి ఎడారుల నుంచి పొడిగాలి వస్తుంది. వీటన్నిటికీ పైన పడమటి నుంచి జెట్ ప్రవాహం దూసుకుపోతుంటుంది. వేసవికి ముందు ఈ మూడూ ఇక్కడ ఎదురుపడతాయి.

నేలకు దగ్గరగా గాలి ఒక దిక్కు నుంచి, పైన మరో దిక్కు నుంచి మరింత వేగంగా వీస్తుంటే మధ్యనున్న గాలి ఏమవుతుంది? రెండు అరచేతుల మధ్య దీపం వత్తిని పేనినట్టు చుట్ట తిరుగుతుంది. కింది నుంచి ఎగసే వేడిగాలి ఆ చుట్టను నిలువుగా లేపుతుంది. దాంతో మేఘం మొత్తం తన చుట్టూ తానే తిరుగుతుంది. దాన్నే ‘సూపర్‌సెల్’ అంటారు. మామూలు ఉరుముల మబ్బు గంటలోపే చల్లబడిపోతుంది. ఇది మాత్రం గంటల తరబడి బతుకుతుంది. బత్తాయిలంత వడగళ్లు కురిపిస్తుంది. ఒక్కోసారి నేలమీదకు తొండం దించుతుంది. అదే టోర్నడో!

2010 జులై 23న దక్షిణ డకోటాలోని వివియన్ అనే చిన్న ఊళ్లో పడిన వడగల్లు వ్యాసం 8 అంగుళాలు. బరువు దాదాపు 880 గ్రాములు. అలాంటిది నెత్తిన పడితే ఇంకేమన్నా ఉందా!

వేట ఇలా సాగుతుంది

ఈ యాత్రకు స్థిరమైన గమ్యం లేదు. ఏప్రిల్‌లో టెక్సాస్, మేలో ఓక్లహామా, కాన్సస్, జూన్‌లో నెబ్రాస్కా, డకోటాలు... జెట్ ప్రవాహం ఉత్తరానికి జరిగేకొద్దీ వీళ్లూ జరుగుతుంటారు. పొద్దున్నే ఓక్లహామాలోని నార్మన్‌ పట్టణం నుంచి తుపాను అంచనా కేంద్రం ఇచ్చే నివేదిక చూస్తారు. మ్యాపులో గురి పెట్టుకున్న చోటికి మధ్యాహ్నానికల్లా చేరతారు. అక్కణ్నుంచి పెట్రోలు బంకు దగ్గరో, మూతపడిన హోటల్ ముందో ఎదురుచూపులు. చాలాసార్లు మబ్బే పుట్టదు. నీలాకాశం వెక్కిరిస్తుంది. వారం, పది రోజులు తిప్పి చూపించే టూరు సంస్థలు కూడా ఉన్నాయి. టోర్నడో కనిపిస్తుందని మాత్రం మాట ఇవ్వవు.

అనుభవం ఉన్నవాళ్లు మబ్బుకు ఆగ్నేయాన నిలబడతారు. సాధారణంగా మేఘం ఈశాన్యానికి కదులుతుంది కాబట్టి అక్కడైతే వాన అడ్డురాదు, తిరిగే భాగం స్పష్టంగా కనిపిస్తుంది, తప్పుకోవడానికి దారీ ఉంటుంది. ఇక్కడి పల్లెరోడ్లు చదరంగం బల్లలా మైలుకొకటి చొప్పున అడ్డంగా, నిలువుగా ఉండటం పెద్ద వరం. కానీ వాన పడితే అవే రోడ్లు అడుసు. కారు దిగబడిందంటే మబ్బు ఆగి చూడదు!

టోర్నడో రాకపోతే ప్రయాణం వృథా అనుకుంటే పొరపాటే. వానకు ముందు నేలనానుకుని దూసుకొచ్చే పొడవాటి అరలాంటి మేఘం ఒక అద్భుతం. దాగలి అడుగున గిజిగాడి గూళ్లలా వేలాడే ‘మమ్మాటస్’ మేఘాలు మరో అద్భుతం. తుపాను దాటిపోయాక పొద్దువాలే వెలుగు వాటిమీద పడితే ఆకాశమంతా బంగారు బుడగలే. ఆ పది నిమిషాల కోసమే ఏటా సెలవులు దాచుకునేవాళ్లు ఉన్నారు.

తొలి అడుగులు

ఈ మోజు కొత్తదేం కాదు. 1884 ఏప్రిల్‌లో కాన్సస్‌లో, అదే ఏడు ఆగస్టులో దక్షిణ డకోటాలోని హోవర్డ్ దగ్గర టోర్నడోలను ఫొటో తీశారు. బరువైన పెట్టె కెమెరాల కాలమది! ఉత్తర డకోటాకు చెందిన డేవిడ్ హోడ్లీ 1956 నుంచే మబ్బుల వెంట తిరగడం మొదలుపెట్టారు. అప్పట్లో సెల్‌ఫోన్లు లేవు, చేతిలో రాడార్ లేదు. 1977లో ఆయనే ‘స్టార్మ్ ట్రాక్’ అనే పత్రికనూ ప్రారంభించారు. 1996లో ‘ట్విస్టర్’ సినిమా వచ్చాక ఈ రోడ్ల మీద రద్దీ పెరిగింది.

లాస్ ఏంజెలిస్‌కు చెందిన మిచ్ డోబ్రౌనర్ ఈ మేఘాలను నలుపు తెలుపుల్లో తీశారు. 2012లో సోనీ ప్రపంచ ఫొటోగ్రఫీ అవార్డుల్లో అత్యున్నత పురస్కారం ఆయన్ను వరించింది. కెమిల్ సీమన్‌ది మరో కథ. టీవీలో తుపాను వేటగాళ్ల కార్యక్రమం చూస్తూ ‘అమ్మా, నువ్వూ ఇలా చెయ్యొచ్చుగా’ అని కూతురు అడగడంతో ఆమె బయల్దేరారు. చిన్నప్పుడు వాళ్ల తాతయ్య ఆకాశంలో మబ్బును చూపించి, అందులో నీ చెమట కూడా ఉంది, అదే వానై మొక్కలకు ప్రాణం పోస్తుందని చెప్పేవారట. ఆమె ఫొటోల్లో భయం కన్నా ఆ బంధుత్వమే ఎక్కువగా కనిపిస్తుంది.

ఆ శుక్రవారం...

2013 మే 31. ఓక్లహామాలోని ఎల్ రీనో పట్టణం దగ్గర టోర్నడో దిగింది. వేటగాళ్ల కార్లతో రోడ్లు కిక్కిరిసిపోయాయి. ఉన్నట్టుండి అది దిశ మార్చింది. వేగం పెంచింది. నిమిషాల్లో ఉబ్బిపోయి 2.6 మైళ్ల వెడల్పుకు... అంటే నాలుగు కిలోమీటర్లకు పైగా విస్తరించింది. ఇప్పటిదాకా నమోదైనవాటిలో అదే అత్యంత వెడల్పైన టోర్నడో. వాన తెర చాటున ఉండటంతో దాని అంచు ఎక్కడుందో చాలామందికి తెలియలేదు.

టిమ్ సమరాస్, ఆయన కొడుకు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ ఆ రోజు ప్రాణాలు కోల్పోయారు. సమరాస్ దూకుడు మనిషి కాదు. జాగ్రత్తకు మారుపేరని తోటివాళ్లు చెప్పుకునే పరిశోధకుడు. 2003లో దక్షిణ డకోటాలోని మాంచెస్టర్ దగ్గర ఆయన దారిలో పెట్టిన పరికరం మీదుగా టోర్నడో వెళ్లింది. లోపల గాలి పీడనం 100 మిల్లీబార్లు పడిపోయినట్టు లెక్క తేలింది. అంతటి అనుభవజ్ఞుడికే మబ్బు అంతుచిక్కలేదు. ఆ తర్వాత వేటగాళ్లు తామున్న చోటును తెలిపే మ్యాపు మీద తమ గుర్తులన్నిటినీ ఆ ముగ్గురి పేర్ల మొదటి అక్షరాల ఆకారంలో పేర్చి నివాళులర్పించారు.

అందుకే, కెమెరాలో చూస్తే మబ్బు ఎప్పుడూ దూరంగానే కనిపిస్తుందని సీనియర్లు కొత్తవాళ్లను హెచ్చరిస్తుంటారు. మరో మాట కూడా చెబుతారు. ఆ మబ్బు కింద ఎవరిదో ఒకరి ఇల్లుంటుంది. ఎల్ రీనో ఘటనకు పదకొండు రోజుల ముందు అదే రాష్ట్రంలోని మూర్ పట్టణంలో టోర్నడోకు 24 మంది బలయ్యారు. బడిలో ఉన్న పిల్లలూ వారిలో ఉన్నారు. ఊరు దెబ్బతింటే కెమెరా పక్కన పడేసి శిథిలాల్లో చిక్కుకున్నవాళ్లను బయటికి లాగడమే ఈ వృత్తిలో అసలు మర్యాద.

మనకూ ఉంది ఆకాశం

డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగువాళ్లకు ఈ మేఘాలు తెలియనివి కావు. నెలలో మొదటి బుధవారం మధ్యాహ్నం అక్కడ సైరన్లు పరీక్షగా మోగుతాయి. వేరే రోజు మోగాయంటే కిటికీల్లేని లోపలి గదిలోకి పరుగే.

తెలుగునేల మీద టోర్నడోలు అరుదే. కానీ ఏప్రిల్, మే సాయంత్రాల్లో లేచే గాలివాన మబ్బులు ఏమంత తక్కువవి కావు. కళ్లంలో ధాన్యాన్నీ, తోటలో మామిడినీ ఒక్క పూటలో ఊడ్చేస్తాయి. ఏటా పిడుగులకు పొలాల్లో ప్రాణాలు పోతూనే ఉన్నాయి. మెరుపును ఫొటో తీయాలన్న సరదా ఉంటే పక్కా ఇంట్లోంచో, అద్దాలు ఎత్తిన కారులోంచో తీయాలి. రాత్రిపూట కెమెరాను కదలకుండా నిలబెట్టి, పది ఇరవై సెకన్లు తెరిచి ఉంచితే మెరుపు దానంతటదే వచ్చి పడుతుంది. చెట్టు కింద, డాబా మీద, చెరువు గట్టున వద్దే వద్దు. ఉరుము వినిపించిందంటే పిడుగు అందుకునేంత దూరంలో ఉన్నట్టే. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటికి రావాలి.

ఆ అరగంటలో ఎన్ని మంచి ఫొటోలు చేజారిపోతాయో! పోనీయండి. మబ్బు మళ్లీ వస్తుంది. చూడటానికి మనం ఉండాలి, అంతే!