పై పోర్షన్ అగ్రిమెంటు

11 మే 2025, ఆదివారం

పై పోర్షన్ చూసుకోవడానికి ఒక జంట వచ్చారు. ఆషాఢం రాకముందే మారాలట. అమ్మాయి కుళాయిలన్నీ తిప్పి చూసింది, కరెంటు మీటరు రీడింగు ఫొటో తీసుకుంది. అద్దె 18 వేలు, అడ్వాన్సు రెండు నెలలది అన్నాను. సరేనంది. ఆ తర్వాత అడిగింది ఒకటే: "ఆంటీ, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగుకి ఎంత పట్టుకుంటారు?" ఇప్పుడున్న ఇంటాయన ఒక నెల అద్దె కోసుకుంటానని ముందే చెప్పేశాడట. హైదరాబాదులో ఇది మామూలైపోయింది. బెంగళూరులో మా తమ్ముడి కూతురు పది నెలల అడ్వాన్సు కట్టి దిగింది. ఆ లెక్కన రెండు నెలలు తక్కువే. కానీ అద్దెకుండేవాళ్ల దిగులంతా ఎంత తిరిగొస్తుందన్న దాని మీదే.

14 మే, బుధవారం

స్టాంపు పేపర్లమ్మే అతను డ్రాఫ్టు టైపు చేయించి ఇచ్చాడు. ఎవరికైనా అదే, పేర్లూ అద్దే మారుస్తాడంతే. గడువు 11 నెలలు. ఏడాదికి మించి లీజు రాసుకుంటే రిజిస్టరు చేయించాల్సి వస్తుందని అందరూ అంటారు. ఆ ఖర్చూ తిరుగుడూ ఎందుకని అందరూ 11 దగ్గర ఆపుతారు. అంతవరకూ బాగానే ఉంది. 12వ నెలలో మళ్లీ రాసుకోకుండా అద్దె ఇచ్చిపుచ్చుకుంటూ పోతే మాత్రం అది నెలనెలా సాగే కిరాయి అవుతుంది. 1882 ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసుతో ఎవరైనా తెంచుకోవచ్చు. పిల్లల బడి మధ్యలో ఉన్నవాళ్లు 15 రోజుల్లో ఇల్లెక్కడ వెతుక్కుంటారు?

యజమాని ఎప్పుడైనా లోపలికి వచ్చి చూసుకోవచ్చన్న వాక్యం కొట్టేశాను. అద్దె కట్టాక అది వాళ్ల ఇల్లు. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం 24 గంటల ముందు చెప్పి వెళ్లమంటుంది. అడ్వాన్సు రెండు నెలలు దాటొద్దంటుంది. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అది అమలయ్యేది. మనం కాగితంలో రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా. రాయించాను.

పెయింటింగు దగ్గర మా ఆయనకీ నాకూ వాదన. "అందరూ పట్టుకుంటున్నారు" అంటారు. ఎండకి వెలిసిన రంగుకి అద్దెకున్నవాళ్లేం చేస్తారు? మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకి వాళ్లది బాధ్యత కాదని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షనే చెబుతోంది. కాకపోతే అగ్రిమెంటులో వేరేగా రాసుకుంటే అదే చెల్లుతుంది. అందుకే ఆ ఒక్క వాక్యం కోసం అంత పట్టుపట్టాను. ఆర్నెల్లున్నా ఐదేళ్లున్నా అదే నెల అద్దె కోయడం న్యాయం కాదు. గోడ పాడుచేస్తే బిల్లు చూపించి ఆ మేరకే పట్టుకోవాలి. రాత్రి భోజనాలయ్యాక ఒప్పుకున్నారు.

18 మే, ఆదివారం

డ్రాఫ్టు ఇంగ్లీషులో ఉంది, జంటతో వచ్చిన అబ్బాయి వాళ్లమ్మకి అది రాదు. ఒక్కో షరతూ తెలుగులో చెప్పాను. ఆరు నెలల దాకా ఖాళీ చేయకూడదన్న లాకిన్ షరతు దగ్గర అబ్బాయి ఆగాడు, బదిలీ అయితే ఎలా అని. అది తీసేసి, ఇరువైపులా నెల నోటీసు అనుకున్నాం. ఏటా పెంపు 5 శాతం. బోరు మోటారు కరెంటు చెరిసగం. ఆఫీసులో ఇంటి అద్దె భత్యానికి (హెచ్ఆర్ఏ) నా పాన్ నంబరు కావాలని మొహమాటపడుతూ అడిగాడు. పాత పద్ధతిలో పన్ను కట్టేవాళ్లు, ఏడాది అద్దె లక్ష దాటితే, ఆఫీసులో ఇంటివాళ్ల పాన్ ఇవ్వాల్సిందే. మనం వచ్చిన అద్దె రిటర్నులో చూపిస్తున్నప్పుడు దాచుకోవడమెందుకు? రాసిచ్చాను.

చివరి పేజీ అమ్మాయీ నేనూ కూర్చుని రాశాం: ఫ్యాన్లు 4, ట్యూబులైట్లు 5, గీజరు 1, పడగ్గది తలుపు గడియ వదులు, వంటింటి సింకు కింద టైలు పగులు. ఆ పగులు మీద చెయ్యి పెట్టి కొలిచి, "బెత్తెడు" అని మరీ రాసింది. ఇంత జాగ్రత్త ఉన్న పిల్ల ఇల్లు బాగా చూసుకుంటుంది.

4 జూన్, బుధవారం

పొద్దున్నే పాలు పొంగించుకున్నారు. సాయంత్రానికి గీజరు మొరాయించింది. బల్బులూ వాషర్లూ వాళ్లవి, వైరింగూ గీజరూ మావి అని రాసుకున్నాం కాబట్టి బేరమేం లేదు. కాయిల్ మార్చడానికి ఎలక్ట్రీషియన్ రేపు సాయంత్రం వస్తానన్నాడు. ఆ సంగతి పైకి ఫోన్ చేసి చెప్పాను.