నాన్ రియాక్టివ్

బడిలో సెలవు చీటీకి ఒకటే నమూనా. ‘నిన్న రాత్రి నుండి నాకు జ్వరముగా ఉన్నందున’ అని మొదలై ‘తమ విధేయుడైన విద్యార్థి’ అని ముగిసేది. మేనత్త కూతురి పెళ్ళికి పోయినా జ్వరమే, మిరపకాయలు ఏరడానికి పోయినా జ్వరమే. బోనకల్‌లో మా లెక్కల సారు ఆ చీటీలను మడిచి హాజరు పట్టీలో పెట్టుకునేవాడు తప్ప, ఏ జ్వరం, ఎంత జ్వరం అని ఎవర్నీ అడిగిన గుర్తు లేదు.

2022 వేసవిలో హైదరాబాదులో నేను రాసిన సెలవు మెయిల్‌కి అరగంటలో జవాబొచ్చింది. డిశ్చార్జ్ సమ్మరీ, ల్యాబ్ రిపోర్టులు, మందుల చీటీ స్కాన్ చేసి పంపాలి. పంపకపోతే అనధికార గైర్హాజరు కింద రాస్తారు, ఆ నెల జీతం ఆగుతుంది. డాక్టరు సర్టిఫికెట్ పంపాను కదా మేడమ్, నాలుగు వారాలు విశ్రాంతి అని అందులో ఉంది కదా అని ఫోన్ చేస్తే, "అది చాలదండీ, క్లయింట్ సైడ్ నుంచి అడుగుతారు" అంది. క్లయింట్ సైడ్ ఎవరు, ఎందుకు అడుగుతారు అన్నది ఆవిడకీ తెలియదు. ఆవిడ చెక్‌లిస్టులో ఉంది, అంతే.

జబ్బు టీబీ. ఊపిరితిత్తులది కాదు, మెడ దగ్గర లింఫ్ గ్రంథులది. దగ్గు లేదు. సాయంత్రాలు సన్నగా జ్వరం, దవడ కింద నిమ్మకాయంత గడ్డ, రెండు నెలల్లో ఏడు కిలోల బరువు మాయం. ఊపిరితిత్తుల్లో లేకపోతే ఇది మామూలుగా పక్కవాళ్ళకి అంటదు. గడ్డలో చీము తీయడానికి రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచారు, తర్వాత ఆరు నెలల మందులు. మాత్రలు మొదలెట్టిన రోజు మూత్రం నారింజ రంగులో వస్తే కంగారుపడి డాక్టరుకి ఫోన్ చేశాను. రిఫాంపిసిన్ వేసుకుంటే అంతేనయ్యా అని నవ్వాడు.

నా ఉద్యోగం గురించి ఒక మాట చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. నేను కూర్చునే బిల్డింగు ఒక కంపెనీది. నాకు జీతమిచ్చేది ఇంకో కంపెనీ. ఈ రెండిటి మధ్య కమీషన్ తీసుకునేది మూడోది. మెళ్ళో ట్యాగు రంగులు కూడా వేరు, పర్మనెంటు వాళ్ళకి నీలం, మాకు పసుపు. కాంట్రాక్టు ఆరు నెలలకోసారి రెన్యూ అవుతుంది, లేదా అవదు. నీలం ట్యాగు మనిషి ఒంట్లో బాలేదని టీమ్ చాట్‌లో ఒక ముక్క పెడితే పదిమంది ‘టేక్ కేర్’ అంటారు. పసుపు ట్యాగువాడు సెలవు పెడితే బిల్లింగు ఆగుతుంది, కాబట్టి ఆగిన ప్రతి గంటకీ రుజువు కావాలి. మన రాష్ట్రంలో అమలయ్యే 1988 నాటి షాపులు, సంస్థల చట్టం ఏడాదికి 12 రోజులు జబ్బు సెలవు జీతంతో ఇమ్మంటుంది. వెండర్ కంపెనీల పాలసీ పుస్తకాల్లో ఆ పన్నెండు రోజులు దొరుకుతాయి. పన్నెండు దాటాక ఏమవుతుందన్న చోటే ఈ చెక్‌లిస్టు మొదలవుతుంది.

పంపాను. ఆస్పత్రి బిల్లు క్రెడిట్ కార్డు మీద ఉంది, జీతం ఆగితే అది కట్టే దారి లేదు.

ఆ డిశ్చార్జ్ సమ్మరీ మూడు పేజీలు. మొదటి పేజీలో నాన్న పేరు, బోనకల్ అడ్రసు, ఫోన్ నంబరు, బరువు, ‘వివాహం కాలేదు’, ‘మద్యం అప్పుడప్పుడు’, ‘తండ్రికి మధుమేహం’. రెండో పేజీలో పరీక్షల పట్టిక. అందులో ఒక వరస: హెచ్ఐవీ – నాన్ రియాక్టివ్. టీబీ తేలిన వాళ్ళందరికీ ఈ పరీక్ష చేయడం మన ప్రభుత్వ కార్యక్రమంలో మామూలే. డాక్టరు నాకు చెప్పి, నన్నడిగే చేయించాడు. కానీ ఆ సంగతి తెలియని మనిషి ఆ వరస చదివితే గీతకి కుడివైపున్న మాటలు కళ్ళకి ఆనవు. ఇతను ఈ టెస్టు ఎందుకు చేయించుకున్నాడు అన్నదే మిగులుతుంది.

ఆ మెయిల్ మళ్ళీ నా కంట పడింది పదిరోజుల తర్వాత, ఎవరో నన్ను కూడా కలిపి రిప్లై ఆల్ కొడితే. కింది నుంచి పైకి చదువుకుంటూ వెళ్ళాను. హెచ్ఆర్ నుంచి అకౌంట్ మేనేజరుకి, అక్కణ్ణుంచి మధ్య కంపెనీకి, వాళ్ళ దగ్గర్నుంచి క్లయింట్ మేనేజరుకి, ఆయన నుంచి టీమ్ లీడ్లకి. మొత్తం పదకొండు మంది. అటాచ్‌మెంట్ గుర్తు ఎక్కడా ఊడిపోలేదు. ఇంతకీ ఆఖరి మెయిల్లో చర్చ నా జబ్బు గురించి కాదు, నా బదులు వచ్చే మనిషికి ల్యాప్‌టాప్ ఎప్పుడిస్తారని.

ఆ పదకొండు మందిలో ఎవరికీ నా మీద పగ లేదు. సగం మంది దాన్ని తెరిచి కూడా ఉండరు. ఒక పట్టికలోని కాలమ్‌ని ఎవరు చూడొచ్చో, ఎవరు చూడకూడదో తేల్చడానికి మేం వారాల తరబడి మీటింగులు పెట్టుకుంటాం. ఎవరి పనికి ఎంత కావాలో అంతే చూపించు అన్నది ఈ వృత్తిలో ఓనమాలు. కస్టమర్ ఫోన్ నంబరులో చివరి నాలుగంకెలు తప్ప నాకు కనపడనివ్వని బిల్డింగులో, నా బరువు ఎంతో అందరికీ తెలిసింది.

ఆ మెయిల్ అందుకున్న ఒకతనిది వైరా. మా పిన్ని వాళ్ళదీ అదే వీధి. "ఏందిరా, నీకు టీబీ అంటగా?" అని అమ్మ ఫోన్ చేసేసరికి నేనింకా ఊరికి టికెట్ కూడా తీసుకోలేదు. ఇంటికెళ్ళి, ఎదురుగా కూర్చుని, ఇది అంటేది కాదమ్మా అని నెమ్మదిగా చెబుదామనుకున్నాను. అప్పుడు చెల్లికి మధిర నుంచి ఒక సంబంధం వస్తోంది. "ఇంకేదో టెస్టు కూడా చేశారంటగా" అని అమ్మ గొంతు తగ్గించింది. నాన్ రియాక్టివ్ అన్నదాన్ని తెలుగులో ఎలా చెప్పాలో ఆ నిమిషాన తోచలేదు. మధిర వాళ్ళు తర్వాత ఫోన్ చేయలేదు. కారణం ఇదేనని నేను చెప్పలేను. సంబంధాలు కారణాలు చెప్పి తప్పిపోవు.

ప్రైవసీని మనం వ్యాసాల్లో గోప్యత అంటాం. అమ్మ ఎరిగిన మాట గుట్టు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కని తేల్చినప్పుడు, సంబరపడి ఫేస్‌బుక్‌లో పొడుగాటి పోస్టు రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను. గోప్యత అనగానే నాకు ఒక్క మనిషి కనిపిస్తాడు. గుట్టు ఇంటిది. ఆ మూడు పేజీల్లో నాన్న షుగరు కూడా ఉంది, ఆయన్నెవరూ అడగలేదు.

మంచం మీద ఉన్న రోజుల్లో చట్టాలు చదివాను. 2018 సెప్టెంబరులో అమల్లోకొచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం, కోర్టు ఉత్తర్వు ఉంటే తప్ప తన హెచ్ఐవీ స్థితి చెప్పమని ఎవర్నీ బలవంతపెట్టకూడదంటుంది. అంతకన్నా నన్ను పట్టుకున్నవి రెండు పాత తీర్పులు. 1991లో సుప్రీంకోర్టుకు వచ్చినది ఎల్ఐసీలో ప్రొబేషన్ మీదున్న ఒకామె కేసు. ప్రసూతి సెలవులో ఉండగా ఆమెను తీసేశారు. చేరేటప్పుడు నింపిన ఫారంలో ఆఖరి బహిష్టు తేదీ తప్పు రాసిందని వాళ్ళ వాదన. కోర్టు తప్పుపట్టింది ఆ ఫారాన్నే. అలాంటి గళ్ళు సిగ్గుచేటని, తీసేయమని చెప్పి ఆమెను మళ్ళీ ఉద్యోగంలో పెట్టించింది. రెండోది 1997లో బొంబాయి హైకోర్టుది. ఒక ప్రభుత్వరంగ సంస్థలో క్యాజువల్ కూలీ, పని చేయగల మనిషే, వైద్యపరీక్షలో హెచ్ఐవీ ఉందని తేలగానే జాబితాలోంచి పేరు కొట్టేశారు. పని చేయగలిగి, తోటివాళ్ళకి ప్రమాదం లేనప్పుడు జబ్బు ఒక్కటే చూపించి పని తీసేయడం కుదరదంది కోర్టు. అసలు పేరు బయటికి రాకుండా కేసు నడుపుకోనిచ్చింది కూడా. ఒకామె ప్రొబేషనరు, ఒకాయన క్యాజువల్. ఒంటిని గురించి ఇంత లోతుగా అడిగే ధైర్యం ఎవరి దగ్గర వస్తుందో చూడండి.

కాఫ్కా ‘మెటమార్ఫసిస్’ని అందరం పురుగు కథగా చదువుతాం. ఆ వేసవిలో మళ్ళీ చదివితే అది సిక్ లీవు కథ. ఐదేళ్ళలో ఒక్కరోజు జబ్బు పడని గ్రెగర్ ఒక పొద్దున రైలు తప్పిపోతే, ఆ పొద్దున్నే ఆఫీసు నుంచి హెడ్ క్లర్కు ఇంటికొచ్చి తలుపు బయట నిలబడతాడు. జబ్బని కబురు పెడితే యజమాని ఇన్సూరెన్సు డాక్టర్ని వెంటబెట్టుకుని వస్తాడనీ, ఆ డాక్టరు కంటికి లోకంలో అందరూ ఆరోగ్యవంతులైన సోమరులేననీ గ్రెగర్ ముందే భయపడతాడు. రాసినాయన పని చేసింది ప్రాగ్‌లోని కార్మిక ప్రమాద బీమా సంస్థలో. 1917లో ఆయనకు టీబీ బయటపడింది. 1922లో పింఛనుతో రిటైరయ్యేదాకా ఆ ఆఫీసు విడతలు విడతలుగా సెలవులిస్తూనే వచ్చింది. కాఫ్కాది నీలం ట్యాగు.

మా మేనమామ కొత్తగూడెం గనుల్లో బదిలీ ఫిల్లరుగా చేశాడు. బాయి దిగితే మస్టరు, లేకపోతే లేదు. 190 మస్టర్లు నిండితేనే పర్మనెంటు ఆశ. నా సంగతి విని, "మాకు జ్వరమొస్తే మస్టర్ పోయేదిరా, అంతే, ఏం జ్వరమని ఎవడడిగాడు?" అన్నాడు. పొలం కూలీలకీ అంతే, ఎందుకు రాలేదని కాదు, రేపు వస్తావా అని అడుగుతాడు మేస్త్రీ. జీతం ఇవ్వనివాడికి జబ్బు పేరుతో పని లేదు. ఇది హక్కని నేననను, కానీ మామ మాటల్లో కొంచెం గర్వం ఉంది.

బోనకల్‌లో ఆ మూడు వారాలు మా ఇంటికి ఆశా అక్క వచ్చేది. 2012 నుంచి టీబీ తేలితే ప్రైవేటు డాక్టరైనా ప్రభుత్వానికి తెలియజేయాల్సిందే. నా పేరు, ఆధార్, బ్యాంకు ఖాతా అన్నీ నిక్షయ్‌లో ఉన్నాయి. నెలకి 500 రూపాయల పోషకాహార భత్యం ఆ ఖాతాలోనే పడేది. అంటే సర్కారుకి నా సంగతి కంపెనీ కన్నా ఎక్కువ తెలుసు. అది నన్ను బాధపెట్టలేదు. మాత్రలు వేసుకుంటున్నానా లేదా చూడటానికి తెలుసుకున్నారు, చూశారు. అక్క మాత్రల పట్టీలు రిజిస్టరు కింద, చేతిసంచి అడుగున పెట్టుకుని వచ్చేది. పక్కింటామె గోడ మీంచి "ఏంటి రోజూ వస్తున్నావ్?" అంటే "పెద్దాయన బీపీ రాసుకోవద్దా" అనేది. ఒకరోజు ఉండబట్టలేక, "మన ఊళ్ళో ఇంకెవరికైనా ఉందా అక్కా?" అని అడిగాను. నవ్వింది. "ఉంటే నీకు చెప్తానా తమ్ముడూ?" అంది.

ఏ ట్రైనింగులో నేర్పారో తెలుసుకుందామని అడిగాను గానీ, అప్పటికే చెప్పులేసుకుంది. ఆమెకి జీతం లేదు, వచ్చేవి పారితోషికాలు. జ్వరమొచ్చి పని మానేస్తే ఆ మేరకు డబ్బు తగ్గుతుంది.

నా ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ అన్నకి ఈఎస్ఐ కార్డుంది. నెలకి 21,000 లోపు జీతం కాబట్టి ఉంది, నాకు లేదు. జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల దాకా కూలిలో 70 శాతం ఇచ్చేది ఈఎస్ఐ కార్పొరేషనే. కంపెనీ జేబులోంచి పోదు. ఆ భత్యం తీసుకుంటున్న రోజుల్లో పనిలోంచి తీసేయకూడదని అప్పట్లో అమల్లో ఉన్న 1948 చట్టం 73వ సెక్షను చెప్పేది. డబ్బిచ్చేవాళ్ళూ, పని చెప్పేవాళ్ళూ వేరైతే, పని చెప్పేవాళ్ళకి జబ్బు పేరు తెలియాల్సిన అవసరమే పలచబడుతుంది. ఈ సులువు నా జీతం పెరిగిన కొద్దీ నాకు దూరమైంది.

మందులు మధ్యలో ఉండగానే నా కాంట్రాక్టు గడువు తీరింది. రెన్యూ చేయలేదు. కారణం చెప్పాల్సిన పని వాళ్ళకి లేదు. 2011 నాటి ఐటీ నియమాలు వైద్య రికార్డులను సున్నితమైన సమాచారంగా విడిగా పెట్టాయి. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టంలో అలాంటి విడి గది లేదు, ఉద్యోగ అవసరాల కోసమైతే సమ్మతి అడక్కుండా వాడుకోవచ్చన్న వీలు మాత్రం ఉంది.

2024లో ఇంకో వెండర్ దగ్గరుండగా కామెర్లొచ్చాయి. డాక్టరుతో రెండు వాక్యాలు రాయించుకున్నాను: నా చికిత్సలో ఉన్నాడు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పనికి రాలేడు. రిపోర్టులు కూడా పంపండి అని మెయిలొచ్చింది. ఏ పాలసీ ప్రకారం అడుగుతున్నారో, వాటిని ఎవరెవరు చూస్తారో, పేర్లతో చెప్తే పంపుతానని తిరిగి రాశాను. ఆ మెయిల్‌కి జవాబు ఇప్పటిదాకా రాలేదు. జీతం మాత్రం నెలాఖరుకి పడింది.