పాత మోటారు – గేరుబాక్సు నూనె

ఇంటిలో బిడ్డకు జబ్బు చేసినప్పుడు లక్షణములను చక్కగా చెప్పగలది తల్లియే. మోటారు విషయమునను ఆ నేర్పు మనకు మిక్కిలి యుపకరించును.

క్లచ్చి త్రొక్కనక్కరలేని ఆటోమేటిక్ బండి, 2006 నాటిది, మా యింట గలదు. 2024 వేసవిలో గేరు 'డి'లో వేసిన రెండు మూడు క్షణములకు గాని యది కదలకుండెను. మిట్ట యెక్కునపుడు ఇంజను రొద హెచ్చునే గాని వేగము హెచ్చదు. మెకానిక్కు విప్పి చూడకయే గేరుబాక్సు మొత్తము మార్చవలెననెను. అంత సొమ్మన్న, అమ్మాయి చదువునకు కూడబెట్టినది తీయవలసినదే!

ముందు నూనె చూడుమని మేము పట్టుపట్టితిమి. లోపలి క్లచ్చి బిళ్లలను బిగించునది నూనె యొత్తిడియే. నూనె తగ్గిన బిళ్లలు జారును. బండిని కొంతదూరము నడిపి, సమతలమున నిలిపి, దాని పుస్తకములో చెప్పినట్లు ఇంజను నడుచుచుండగనే డిప్‌స్టిక్కు తీసి చూచితిమి. నూనె గుర్తునకు క్రింద నున్నది. కాని యెఱ్ఱగానే యున్నది, మాడు వాసన లేదు. అడుగు తొట్టి గ్యాస్కెట్టు ఎండి కాఱుచుండెను. గ్యాస్కెట్టును, ఫిల్టరును మార్పించి, ఆ బండికి విధించిన రకపు నూనెనే పోయించితిమి. జారుట మానెను; అమ్మాయి రుసుము గడువులో చెల్లినది.

నూనె నల్లబడి మాడు వాసన కొట్టినను, తొట్టిలో లోహపు తునకలు కనబడినను గేరుబాక్సు విప్పింపక తప్పదు. నూనె సరిగా నుండియు బండి జారినచో స్కానరుతో లోపసంకేతములను చదివింపవలెను. గుర్తును మించి పోసినను నురుగు గట్టి యొత్తిడి చెడును గనుక, తగ్గినంతయే పోయింపుడు.