ఎంతవరకు లెక్క

జూన్ 9, సోమవారం
మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్. లారీ గుద్ది భార్య చనిపోయింది. సాక్షి భర్త. ఇన్సూరెన్సు వకీలు అడిగాడు: "మీ ఆవిడ ఏం పని చేసేదయ్యా?"
"ఏం లేదండీ. ఇంట్లోనే ఉండేది."
డిపాజిషన్‌లో ఎక్కింది. రీ-ఎగ్జామినేషన్ అడిగాను.
గేదెలు పితికేదెవరు? "ఆవిడేనండీ." గడ్డి కోసేది? "ఆవిడే." పాల కేంద్రం పుస్తకం? "నా పేరు మీదుందండీ."
ఆ చివరి జవాబు చాలా చిన్న గొంతుతో చెప్పాడు.

జూన్ 10
2021 కీర్తి కేసు మళ్లీ చదివాను. ఇల్లాలి పనికీ ఆదాయం లెక్కగట్టాలని సుప్రీంకోర్టు. జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన తీర్పులో 2019 సర్వే లెక్క: జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97. ఈ పేజీ జిరాక్సు తీయించాలి.

జూన్ 12
తల్లి పోయాక కూతురు కాలేజీ మానేసింది. గేదెలు, వంట, తమ్ముడు. "అదీ నష్టమే కదా సార్?" అంది జూనియర్. నష్టమే. దానికి విడిగా పద్దు లేదు.

రాత్రి
1854, ఇంగ్లండు. గ్లౌస్టర్‌లో పిండిమర షాఫ్టు విరిగింది. దాన్ని మోసుకెళ్లినవాళ్లు ఆలస్యం చేశారు, మర ఆగిపోయింది. పోయిన లాభం ఇప్పించలేదు కోర్టు. మర ఆగుతుందని వాళ్లకు తెలియదు గనుక. మన 1872 కాంట్రాక్టు చట్టం 73వ సెక్షనుదీ అదే దారి. దూరపు నష్టానికి పరిహారం లేదు.

జూన్ 16
బొంబాయి రంగుల ఫ్యాక్టరీ కేసు, 1965 రిపోర్టుల్లోది. టర్పెంటైన్ ఉన్న గదిలోనే బర్నర్లు వాడనిచ్చింది యజమాని. వేడి తారులో తొందరపడి టర్పెంటైన్ పోసింది కార్మికుడు. ఏడుగురు పోయారు. చావులకు దగ్గరి కారణం ఆ పోయడమే అన్నారు. యజమాని మీద నిలిచింది నిప్పు విషయంలో నిర్లక్ష్యం ఒక్కటే. తీర్పు సరిగ్గానే రాశారు. ఆ ఏడిళ్లకు వెళ్లి ఈ తేడా చెప్పమంటే నాకు నోరు రాదు.

జూన్ 18
క్లెయిము లెక్క. ఆవిడ వయసు 38. గుణకం 15. 2017 ప్రణయ్ సేథి తీర్పు ప్రకారం తోడు పోయినందుకు 40 వేలు, అంత్యక్రియలకు 15 వేలు, మూడేళ్లకోసారి 10 శాతం పెంపు. తోడు దగ్గర పెన్ను ఆగింది. అడక్కపోతే అదీ రాదు. రాశాను.

జూన్ 20
పాల కేంద్రం కార్యదర్శికి సమన్లు ఇవ్వమని పిటిషన్ వేశాను. రిజిస్టరు తేవాలి. పూటకు ఎన్ని లీటర్లో అందులో ఉంటుంది. క్యాను మోసుకొచ్చిందెవరో ఆయన చూశాడు. వాయిదా జూలై 4.