అడుగున యురేనియం... పైన అరటితోట!

తాతల నాటి భూమి. పట్టా ఉంది, పాసుపుస్తకం ఉంది. ‘దేశానికి కావాలి’ అని సర్కారు అడిగిన రోజున ఆ కాగితాల బలమెంత? కడప జిల్లా వేములలో అడుగుపెట్టినవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే.

పులివెందులలో పల్లెవెలుగు బస్సెక్కి వేంపల్లె దారి పడితే మధ్యలో వస్తుంది వేముల. కిటికీ పక్కన కూర్చుంటే కాలం తెలీదు. కాసేపు అరటితోటలు, కాసేపు చీనీ చెట్లు, అంతలోనే ఒక్క పచ్చని ఆకు కూడా కనిపించని బోడిగుట్టలు. నీళ్లున్నచోట బంగారం, లేనిచోట రాయి... అంతే ఇక్కడి వ్యవసాయం. బోరులో నీరు పడితే రైతు, పడకపోతే అప్పులవాడు.

ఆ రాయిని కూడా తక్కువ చేసి మాట్లాడకూడదు. ఈ చుట్టుపక్కల ముగ్గురాయి గనులున్నాయి. రాతినార కూడా తవ్వేవారు. ఇక్కడి సున్నపురాతి పొరలకి భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ‘వేంపల్లె ఫార్మేషన్’. ఆ పొరల్లోనే దాగి ఉంది యురేనియం.

బస్సు దిగి టీకొట్టు దగ్గర తుమ్మలపల్లెకి దారి అడిగాను. బెంచీమీద కూర్చున్న పెద్దాయన ఎగాదిగా చూశాడు.

‘‘గని కాడికేనా అబ్బీ?’’

‘‘కాదు పెద్దాయనా, ఊరు చూద్దామని.’’

‘‘ఊరు చూసేకి ఎవురూ రారులే. వచ్చినోళ్లంతా గని అడిగేటోళ్లే’’ అని నవ్వాడు.

సున్నపురాతిలో చిక్కిన ఖనిజం

తుమ్మలపల్లె దగ్గర యురేనియం ఉందని అణు ఖనిజాల అన్వేషకులు గుర్తించిన తరవాత చాలాకాలం దాని జోలికి ఎవరూ పోలేదు. కారణం ఆ సున్నపురాయే. మామూలుగా యురేనియాన్ని ఆమ్లంతో కరిగించి తీస్తారు. ఇక్కడ ఆమ్లం పోస్తే ముందు సున్నపురాయే దాన్ని తాగేస్తుంది. అందుకని వేడి, ఒత్తిడి మధ్య క్షారంతో కరిగించే పద్ధతిని ఎంచుకున్నారు. జార్ఖండ్‌లోని జాదూగూడ కేంద్రంగా పనిచేసే యురేనియం కార్పొరేషన్ (యూసీఐఎల్) ఇక్కడికి వచ్చింది. 2006 సెప్టెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 2007 నవంబరులో అప్పటి ముఖ్యమంత్రి, పులివెందుల ఎమ్మెల్యే వై.ఎస్.రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. 2012లో శుద్ధి కర్మాగారం పని మొదలుపెట్టింది.

అంతకు ముందు ఏడాది, 2011 జులైలో, అణు ఇంధన కమిషన్ అధ్యక్షుడు శ్రీకుమార్ బెనర్జీ ఒక మాట చెప్పారు. ఇక్కడ 49 వేల టన్నుల నిల్వలు ఖాయమనీ, అవి లక్షన్నర టన్నుల దాకా పోవచ్చనీ! ప్రపంచం దృష్టి ఒక్కసారిగా ఈ పల్లెలమీద పడింది. తుమ్మలపల్లె, మబ్బుచింతలపల్లె, భూమయ్యగారిపల్లె, రాచకుంటపల్లె, కొట్టాల... అప్పటివరకూ రెవెన్యూ రికార్డుల్లో తప్ప బయట పెద్దగా వినపడని పేర్లు.

నా భూమి... నీ చట్టం

గనికి, కర్మాగారానికి, వ్యర్థాల చెరువుకి భూమి కావాలి. సేకరణ జరిగిన నాటికి దేశంలో అమల్లో ఉన్నది బ్రిటిష్‌వాళ్లు 1894లో చేసిన భూసేకరణ చట్టం. ముందు నాలుగో సెక్షన్ కింద నోటిఫికేషన్. ముప్ఫై రోజుల్లో అభ్యంతరాలు చెప్పుకోవచ్చు. ఆరో సెక్షన్ కింద ప్రకటన వచ్చిందంటే ఇక ‘ప్రజాప్రయోజనం’ అనే మాటకి తిరుగులేదు. ఆ తరవాత రైతు పోట్లాడగలిగేది ధర గురించే.

ఆ ధరలోనూ ఒక మెలిక. చుట్టుపక్కల రిజిస్ట్రేషన్లలో చూపిన విలువే లెక్క. స్టాంపు ఖర్చు తగ్గించుకోవడానికి మన ఊళ్లలో దస్తావేజులో ఎంత రాస్తారో అందరికీ తెలుసు! ఆ తక్కువ అంకెకి 30 శాతం సొలేషియం కలిపి చేతిలో పెడతారు. చాలదనుకుంటే కోర్టుకి వెళ్లాలి.

‘ఆస్తి నా హక్కు కదా’ అనిపిస్తుంది. ఒకప్పుడు ప్రాథమిక హక్కే. 44వ రాజ్యాంగ సవరణతో 1979 జూన్ నుంచి ఆ జాబితాలో లేదు. 300-ఏ అధికరణం కింద మిగిలింది ఒక్కటే హామీ... చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోకూడదు. 2014 జనవరి నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టం సొలేషియాన్ని నూటికి నూరు శాతం చేసింది. పల్లెల్లో మార్కెట్ విలువను రెండింతల దాకా లెక్కకట్టొచ్చంది. ప్రైవేటు కంపెనీల కోసమైతే 80 శాతం మంది ఒప్పుకోవాలంది. సర్కారు తన సొంత అవసరానికి తీసుకుంటే మాత్రం ఆ ఒప్పుకోలు అక్కర్లేదు.

ఇది మనకొక్కరికే ఉన్న తలనొప్పి కాదు. అమెరికాలోని న్యూలండన్‌లో సుసెట్ కీలో అనే నర్సు గులాబీరంగు ఇంటిని ఊరి అభివృద్ధి పేరుతో తీసుకోవచ్చని 2005లో అక్కడి సుప్రీంకోర్టు అయిదుగురు-నలుగురు తేడాతో తీర్పు చెప్పింది. ఇల్లు వేరేచోటికి తరలిపోయింది. అనుకున్న కట్టడాలు రాలేదు. ఆ స్థలం ఏళ్లతరబడి ఖాళీగా పడి ఉంది!

తీసుకోని భూమి మాటేమిటి?

కొట్టాల వైపు వెళ్తే మాత్రం ఏ కోర్టు తీర్పులోనూ కనపడని కథ ఒకటి తెలుస్తుంది. కర్మాగారం నుంచి వచ్చే వ్యర్థాలు చేరే చెరువు ఈ పల్లెలకి దగ్గర్లోనే ఉంది. బోర్ల నీళ్లు మారిపోయాయనీ, అరటి ఎదగడంలేదనీ, ఒంటిమీద దద్దుర్లు వస్తున్నాయనీ రైతులు ఫిర్యాదు చేశారు. చెరువు అడుగున వేయాల్సిన పొర విషయమై 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థకి నోటీసు ఇచ్చింది. తమవల్ల కాలుష్యం జరగలేదన్నది యూసీఐఎల్ వాదన.

ఎవరి మాట నిజమో తేల్చాల్సింది శాస్త్రవేత్తలు. కానీ చట్టంలోని ఖాళీ మాత్రం మామూలు కంటికే కనిపిస్తుంది. 1894 చట్టం 23వ సెక్షన్ ప్రకారం, సేకరణవల్ల రైతుకున్న మిగతా భూమికి నష్టం కలిగితే పరిహారం ఇవ్వాలి. ఎవరికి? కొంత భూమి పోగొట్టుకున్నవాడికే! ఒక్క సెంటూ పోనివాడు, కేవలం గట్టు అవతల ఉన్నవాడు, ఆ లెక్కలోకి రాడు. అతని భూమిని ఎవరూ తీసుకోలేదు. కాబట్టి పరిహారమూ లేదు. పాసుపుస్తకం పదిలంగా అతని పెట్టెలోనే ఉంటుంది.

అందుకే ఇక్కడ ఒక వింత కోరిక వినిపించింది. మా భూములు కూడా తీసుకోండి, మమ్మల్ని వేరేచోటికి పంపండి అని! ఎక్కడైనా రైతు ‘నా భూమి ఇవ్వను’ అని పోరాడతాడు. ‘తీసుకో’ అని బతిమాలుకునే పరిస్థితి వచ్చిందంటే, ఆ హక్కులో ఇంకేం మిగిలినట్టు?

దేశానికి విద్యుత్తు కావాలి. దానికి యురేనియం కావాలి. కాదనేవారు ఈ ఊళ్లలోనూ తక్కువే. ఎవరి పొలంలో గీత గీశామో వారికి ధర కట్టి, గీత అవతలివాళ్లని మర్చిపోతే మాత్రం అది సగం లెక్కే.

తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. పెద్దాయన ఇంకా బెంచీమీదే ఉన్నాడు.

‘‘ఊరు చూసినావా అబ్బీ?’’

‘‘చూశాను పెద్దాయనా.’’

‘‘ఏముంది?’’

‘‘అరటితోటలు...’’

‘‘ఆ... అదే రాయి. గని గురించి శానామంది రాసినారు’’ అన్నాడు.

వేంపల్లె నుంచి బస్సు వచ్చింది. లోపలంతా అరటిగెలల వాసన.